కన్సల్టెన్సీ, కంపెనీ రిక్రూటర్, హెడ్‌హంటర్: ఎవరికి డబ్బు ఎప్పుడొస్తుందో తెలిస్తే మిగతాది అర్థమవుతుంది

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: సొంతూరు నంద్యాల, బెంగళూరులో పదకొండేళ్ళ అనుభవం, ప్రస్తుతం వైట్‌ఫీల్డ్‌లో బ్యాకెండ్ లీడ్. పోయిన వారం రెండు కాల్స్ వచ్చాయి. మొదటిది ఒక కన్సల్టెన్సీ అమ్మాయిది. రెండు నిమిషాల్లో జీతం, నోటీస్ పీరియడ్ అడిగి రెజ్యూమె తీసుకుంది. రెండోది హెడ్‌హంటర్‌నని చెప్పుకున్న ఒకాయనది. ముప్పావుగంట మాట్లాడాడు, కంపెనీ పేరు చెప్పలేదు, రెజ్యూమె అడగలేదు, తర్వాత మీరు మెసేజ్ పెడితే ఉలుకూ పలుకూ లేదు. ఈలోపు ఇంకో రెండు కన్సల్టెన్సీలు కూడా మీ ప్రొఫైల్‌ను ఆ మొదటి కన్సల్టెన్సీ పంపిన కంపెనీకే పంపేశాయి. మారతహళ్ళిలో ఉండే మీ ఫ్రెండేమో "కన్సల్టెన్సీలు వేస్ట్, హెడ్‌హంటర్‌ని పట్టుకో, వాడే జాబ్ వెతికిపెడతాడు" అంటున్నాడు. ఎవరిని నమ్మాలి, ఎవరికి ఎంత చెప్పాలి అన్నది మీ ప్రశ్న.

మీ ఫ్రెండ్ మాట దగ్గరే మొదలుపెడతాను, గందరగోళమంతా అక్కడే ఉంది కాబట్టి. హెడ్‌హంటర్ మీకు ఉద్యోగం వెతకడు. కన్సల్టెన్సీ కూడా వెతకదు. కంపెనీలో కూర్చున్న రిక్రూటర్ అసలే వెతకడు. ముగ్గురూ కంపెనీకి మనిషిని వెతుకుతున్నారు, ముగ్గురికీ డబ్బులిచ్చేది కంపెనీయే. ఆ డబ్బు ఏ లెక్కన వస్తుంది, ఏ దశలో వస్తుంది అనే దాన్నిబట్టి వాళ్ళ ఫోన్ మాట తీరు దగ్గర్నుంచి, మీ మెసేజ్‌కి జవాబిస్తారా లేదా అన్నదాకా అన్నీ మారిపోతాయి. నేను మొదట కన్సల్టెన్సీలో పనిచేశాను, తర్వాత ఒక పెద్ద కంపెనీలో మనుషుల్ని తీసుకునే టాలెంట్ అక్విజిషన్ టీమ్‌లో, టీఏ అంటాం, ఇప్పుడు సీనియర్ పోస్టుల సెర్చ్‌లో ఉన్నాను. అందుకని మూడు వైపుల సంగతీ చెప్పగలను.

ముందు కన్సల్టెన్సీ. మీకు వచ్చే కాల్స్‌లో పదికి ఎనిమిది వీళ్ళవే అయ్యుంటాయి. వీళ్ళకి మనిషి చేరితేనే డబ్బు. మామూలు రేటు ఏడాది సీటీసీలో, అంటే కంపెనీ మీ మీద పెట్టే మొత్తం జీతం ఖర్చులో, 8.33 శాతం, లెక్కకి ఒక నెల జీతం. మీరు 30 లక్షలకు చేరితే వాళ్ళకి రెండున్నర లక్షలు, పైన 18 శాతం జీఎస్టీ. బీటీఎమ్ లేఅవుట్‌లో ఇల్లు చూపించే బ్రోకర్ కూడా ఒక నెల అద్దమే తీసుకుంటాడు కదా, లెక్క అలాంటిదే. కాకపోతే అక్కడ చెల్లించేది మీరు, ఇక్కడ కంపెనీ. అరుదైన స్కిల్ అయితే పది, పన్నెండు శాతం దాకా వెళ్తుంది, పెద్ద సంఖ్యలో తీసుకునే కంపెనీలు బేరమాడి 8.33 కంటే కిందికీ లాగుతాయి.

ఇందులో అసలు మెలిక ఏంటంటే, కంపెనీ ఒకే పోస్టును ఐదారు కన్సల్టెన్సీలకు ఒకేసారి ఇస్తుంది. ఎవరి అభ్యర్థి చేరితే వాళ్ళకే డబ్బు, మిగతావాళ్ళ కష్టమంతా గోవిందా. కాబట్టి ఇది పరుగుపందెం. మీతో రెండు నిమిషాలే మాట్లాడిన అమ్మాయికి మర్యాద తెలియక కాదు. ఆమె ముందు ట్రాకర్ అని పిలిచే ఎక్సెల్ షీట్ ఒకటి తెరిచి ఉంటుంది. ఒక్కో మనిషికి ఒక్కో వరుస: పేరు, ఫోన్, ఈమెయిల్, మొత్తం అనుభవం, ఆ స్కిల్‌లో అనుభవం, ఇప్పటి కంపెనీ, ఇప్పటి సీటీసీ, అడిగే సీటీసీ, నోటీస్ పీరియడ్, ఉంటున్న ఊరు, మారడానికి కారణం. ఆ ఫార్మాట్ క్లయింట్ ఇచ్చింది, ఒక్క గడి ఖాళీగా ఉన్నా తిప్పి పంపుతారు. పొద్దున పదింటికి పోస్టు వస్తే సాయంత్రానికల్లా నాలుగైదు ప్రొఫైల్స్ వెళ్ళాలి. నౌక్రీ డాట్ కామ్ వాళ్ళ రెజ్యూమెల డేటాబేస్ రెజ్‌డెక్స్‌లో స్కిల్ పేరు కొట్టి, పైనుంచి కిందికి వరసపెట్టి ఫోన్లు చేసుకుంటూ వెళ్తుంది. జేడీలో, అంటే ఉద్యోగ వివరణలో, ఉన్న మాటకీ మీరు చేసే పనికీ తేడా ఆమెకు తెలియకపోవచ్చు. రెండేళ్ళ అనుభవం ఉన్న అమ్మాయి పొద్దున జావా, మధ్యాహ్నం శాప్, సాయంత్రం సేల్స్ పోస్టులు చూస్తుంటే తెలియాలని ఆశించడం కూడా తప్పే.

ఆ ట్రాకర్‌లో అన్నిటికంటే ముందు కంటబడే గడి నోటీస్ పీరియడ్. మన ఐటీ సర్వీస్ కంపెనీల్లో 90 రోజులు మామూలే. 90 అని కనబడగానే కొందరు మేనేజర్లు ఆ వరుస దాటేస్తారు. మీ కంపెనీలో బై అవుట్ ఉంటే, అంటే డబ్బు కట్టి నోటీస్ తగ్గించుకునే వీలుంటే, లేదా మీ దగ్గర మిగిలిన సెలవులు సర్దుబాటు చేస్తారంటే ఆ సంగతి ఫోన్‌లోనే స్పష్టంగా చెప్పండి, "90, బై అవుట్ ఉంది" అని రాయించండి. ఊరికే "నెగోషియబుల్" అంటే ఎవరూ నమ్మరు, అందరూ అదే అంటారు.

తర్వాత వాళ్ళు తిరిగి ఫోన్ చేయకపోవడం గురించి. షార్ట్‌లిస్ట్ కాని అభ్యర్థి మీద వాళ్ళు పెట్టే ప్రతి నిమిషం వాళ్ళ లెక్కలో నష్టం. చాలాసార్లు క్లయింట్ వాళ్ళకే కారణం చెప్పదు. రెండు పనిదినాల తర్వాత ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి అడగండి, అక్కడితో వదిలేయండి. అదే మీకు ఆఫర్ వచ్చిందనుకోండి, మీ అమ్మగారికంటే ఎక్కువసార్లు ఆ అమ్మాయి ఫోన్ చేస్తుంది. రిజైన్ చేశారా, మెయిల్ స్క్రీన్‌షాట్ పంపుతారా, వేరే ఆఫర్ ఏమైనా ఉందా అని. ఎందుకంటే మీరు చేరాక నెలకో రెండు నెలలకో గానీ వాళ్ళకి బిల్లు రాదు. పైగా మీరు 90 రోజుల లోపు మానేస్తే ఇంకొకరిని ఉచితంగా తెచ్చిపెట్టాలి, లేదా ఫీజు తిరిగివ్వాలి అనే షరతు ఒప్పందాల్లో మామూలుగా ఉంటుంది. చేరిన రెండో నెలలో "ఎలా ఉంది సార్ కొత్త ఆఫీస్" అని ఫోన్ వస్తే అది కేవలం మీ మీద ప్రేమతో కాదు.

ఇప్పుడు మీకు తగిలిన దెబ్బ: మూడు కన్సల్టెన్సీలు, ఒకే కంపెనీ. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మంచి అభ్యర్థులు కూడా ఇక్కడే అనవసరంగా పోగొట్టుకుంటారు. కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో, ఏటీఎస్ అంటాం, మీ ఈమెయిల్, ఫోన్ నంబర్ మీద ఒక రికార్డు తయారవుతుంది. ఎవరు ముందు ఎక్కించారో వాళ్ళ పేరు మీద ఆరు నెలలో ఏడాదో మీరు ఉండిపోతారు, ఒప్పందాన్నిబట్టి. రెండోవాడు పంపితే "డూప్లికేట్" అని వెనక్కి కొడుతుంది. అక్కడితో ఆగితే పరవాలేదు. ఇద్దరూ "అభ్యర్థి మావాడు" అని గొడవకు దిగితే, రేపు ఫీజు తగువు మెడకు చుట్టుకుంటుందని భయపడి కంపెనీ అసలు మనిషినే పక్కన పెట్టేస్తుంది. నేను టీఏలో ఉన్నప్పుడు రెండు రౌండ్లు బ్రహ్మాండంగా చేసిన ఒకాయన్ని ఇలాగే వదిలేసుకున్నాం. ఆయనకి కారణం చెప్పినవాళ్ళు కూడా లేరు.

ఇంకో నష్టం ఎవరూ ముందు ఆలోచించరు. ఆ కంపెనీలో మీకు తెలిసినవాళ్ళు ఉంటే రిఫరల్ ద్వారా వెళ్ళడం చాలా మెరుగు. కంపెనీకి ఫీజు మిగులుతుంది, మీ స్నేహితుడికి బోనస్ వస్తుంది, రెజ్యూమె మేనేజర్ కంటపడే అవకాశమూ ఎక్కువ. కానీ కన్సల్టెన్సీ ఒకసారి మీ పేరు ఎక్కించేశాక రిఫరల్ చెల్లదు. కాబట్టి ఎవరు ఫోన్ చేసినా మొదటి ప్రశ్న "క్లయింట్ ఎవరు?" అని అడగండి. పేరు చెప్పకపోతే రెజ్యూమె పంపకండి. "కాన్ఫిడెన్షియల్ సార్, ఎంఎన్‌సీ సార్" అంటారు. ఐదుగురు వెండర్లకు ఇచ్చిన పోస్టులో రహస్యమేముంది? పేరు చెప్పాక, "ఫలానా కంపెనీ, ఫలానా పోస్టుకు మాత్రమే నా ప్రొఫైల్ పంపడానికి ఒప్పుకుంటున్నాను, వేరే ఎక్కడికైనా నన్ను అడిగాకే పంపండి" అని రెండు లైన్ల మెయిల్ పెట్టండి. రేపు తగువొస్తే ఆ మెయిల్ తేదీ, టైమే మీకు సాక్ష్యం. ఏ కంపెనీకి ఎవరి ద్వారా, ఏ తేదీన వెళ్ళారో ఫోన్‌లో ఒక నోట్ పెట్టుకుంటే మంచిది. రెజ్యూమె ఒకసారి చేయి దాటాక ఎక్కడెక్కడ తిరుగుతుందో మీకూ తెలియదు, నాకూ తెలియదు.

కంపెనీ లోపలి రిక్రూటర్ గురించి కొంచెం చెప్పి ముందుకెళ్తాను. వాళ్ళది నెల జీతం. ఒక్కొక్కరి నెత్తిన పదిహేనో ఇరవయ్యో ఖాళీలుంటాయి. ఎన్ని రోజుల్లో నింపారు, ఆఫర్ ఇచ్చినవాళ్ళలో ఎంతమంది చేరారు అన్నదే వాళ్ళ అప్రైజల్. ఫీజు ఆశ లేదు కాబట్టి మిమ్మల్ని తోసెయ్యాలనే తొందర తక్కువ. జీతం బ్యాండ్ ఎంతో, టీమ్‌లో ఇప్పటికే ఉన్నవాళ్ళకి ఎంతిస్తున్నారో వాళ్ళకు తెలుసు. నిర్ణయం మాత్రం వాళ్ళ చేతిలో ఉండదు, హైరింగ్ మేనేజర్‌ది. ఒక్క చిన్న విషయం: కంపెనీ ఈమెయిల్ ఐడీ నుంచి రాసే రిక్రూటర్లందరూ ఆ కంపెనీ ఉద్యోగులే అనుకోకండి. రిక్రూట్‌మెంట్ పనిని మొత్తంగా బయటి సంస్థకు అప్పగించే పద్ధతి ఉంది, ఆర్‌పీఓ అంటారు. మాన్యతా టెక్ పార్క్‌లో అదే ఫ్లోర్‌లో కూర్చుని, అదే ట్యాగ్ వేసుకుని, వేరే కంపెనీ పేరోల్ మీద ఉంటారు. మీకు దానివల్ల నష్టమేమీ లేదు, కాకపోతే ఆరు నెలల తర్వాత ఆ మనిషి అక్కడ ఉండకపోవచ్చు. అందుకే వాళ్ళతో కంటే మేనేజర్‌తో పరిచయం పెంచుకోండి.

ఇక మీ ముప్పావుగంట పెద్దమనిషి. నిజమైన హెడ్‌హంటర్ అయితే ఆయన పద్ధతి రిటైన్డ్ సెర్చ్. ఇక్కడ డబ్బు పని మొదలవకముందే రావడం మొదలవుతుంది. సాంప్రదాయంగా మొదటి ఏడాది జీతంలో మూడో వంతు ఫీజు, మూడు వాయిదాల్లో: ఒప్పందం రోజున ఒకటి, షార్ట్‌లిస్ట్ చూపించినప్పుడు ఒకటి, మనిషి ఖరారయ్యాక ఒకటి. మన దేశంలో బేరమాడి 25 శాతానికి, ఇంకా కిందికి దింపే క్లయింట్లూ ఉన్నారు. కోటిన్నర జీతం పోస్టు అనుకుంటే మూడో వంతు యాభై లక్షలు. ఎన్ని కన్సల్టెన్సీ ప్లేస్‌మెంట్లు చేస్తే ఆ మొత్తం వస్తుందో మీరే లెక్కవేసుకోండి. ఆ పోస్టు ఇంకెవరికీ ఇవ్వరు, పూర్తిగా ఆయన చేతిలోనే ఉంటుంది. కాబట్టి ఆయనకి పరుగు లేదు. మూడు నెలలు, ఒక్కోసారి ఆరు నెలలు పడుతుంది. ఈ వ్యాపారంలో ప్రపంచవ్యాప్తంగా పెద్ద పేర్లు ఐదు: 1953లో షికాగోలో మొదలైన హైడ్రిక్ అండ్ స్ట్రగుల్స్, 1956లో అక్కడే మొదలైన స్పెన్సర్ స్టూవర్ట్, 1964లో జూరిచ్‌లో ఎగాన్ జెండర్, 1969లో కార్న్ ఫెర్రీ, అదే ఏడాది న్యూయార్క్‌లో రస్సెల్ రేనాల్డ్స్. ఇవి కాక మన ఊళ్ళో ఇద్దరు ముగ్గురితో నడిచే చిన్న సెర్చ్ సంస్థలు బోలెడు, వాటిలో చాలా మంచివి ఉన్నాయి.

పని ఎలా జరుగుతుందంటే, క్లయింట్‌తో కూర్చుని ఎలాంటి మనిషి కావాలో రాసుకుంటాం. అలాంటివాళ్ళు ఏయే కంపెనీల్లో ఉండొచ్చో ఇరవై ముప్పై పేర్లు రాస్తాం. ఒక్కో కంపెనీలో ఆ విభాగం ఎవరు చూస్తున్నారు, వాళ్ళ కింద ఎవరు, పైన ఎవరు అని పటం గీస్తాం. ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్ళ కోసం నౌక్రీలో చూడం, అక్కడ హాయిగా పనిచేసుకుంటున్నవాళ్ళే మాకు కావాలి. ఆయన మిమ్మల్ని అడిగినవి గుర్తు చేసుకోండి. మీ టీమ్ ఎంతమంది, మీరు ఎవరికి రిపోర్ట్ చేస్తారు, ఆయన పైన ఎవరు, బడ్జెట్ మీ చేతిలో ఉంటుందా, అమెరికా ఆఫీసుతో రోజూ మాట్లాడేది మీరా మీ మేనేజరా, సిస్టమ్ పడిపోయిన రోజు మొదటి ఫోన్ ఎవరికి వెళ్తుంది. ఇలాంటివే అడిగి ఉంటాడు. రెజ్యూమె అడగకపోవడానికి కారణం సింపుల్: మీ లింక్డ్‌ఇన్ ఆయన ముందే చదివాడు, క్లయింట్‌కి పంపేది మీ రెజ్యూమె ఒక్కటే కాదు, మీ గురించి ఆయన రాసే రెండు మూడు పేజీల నోట్ కూడా. కంపెనీ పేరు చెప్పకపోవడానికి ఇక్కడ నిజంగానే కారణం ఉండొచ్చు. ఆ కుర్చీలో ఇప్పటికే ఒకరు కూర్చుని ఉంటారు, వాళ్ళని మార్చబోతున్న సంగతి వాళ్ళకే తెలియదు. షార్ట్‌లిస్ట్ దశలోకి వచ్చాక పేరు చెప్పి తీరాలి. అప్పటికీ చెప్పకుండా నీళ్ళు నమిలితే మర్యాదగా తప్పుకోండి.

మరి మౌనం ఎందుకు? నిర్మొహమాటంగా చెప్తున్నాను, ఏమీ అనుకోకండి. పదకొండేళ్ళ అనుభవంతో లీడ్‌గా ఉన్న మనిషి కోసం కంపెనీలు రిటైన్డ్ ఫీజు ఇవ్వడం అరుదు. డైరెక్టర్, ఆ పైస్థాయి పోస్టులకే ఇస్తారు. కాబట్టి ఆయన వెతుకుతున్నది మిమ్మల్ని కాకపోవచ్చు, మీ డైరెక్టర్‌నో, మీ డైరెక్టర్ లాంటి ఇంకొకరినో. మీతో మాట్లాడింది ఆ పటం నింపుకోవడానికి అయ్యుంటుంది. దీన్ని మేం సోర్స్ కాల్ అంటాం. అవమానంగా తీసుకోవద్దు. కానీ ఒక హద్దు పెట్టుకోండి: మీ పని గురించి ఎంతైనా చెప్పండి, మీ టీమ్‌లో వాళ్ళ జీతాలు, క్లయింట్ వివరాలు, ఎవరు అసంతృప్తిగా ఉన్నారు లాంటివి నోరు జారకండి. అసలు ఖాళీ పోస్టే లేకుండా, ప్రత్యర్థి కంపెనీ సమాచారం కోసం ఇలా ఫోన్ చేసేవాళ్ళూ ఉన్నారు.

సోర్స్‌గా ఉండటం వల్ల మీకు లాభం ఉంది, అది చాలామందికి కనబడదు. బెంగళూరులో కొత్త గ్లోబల్ కేపబిలిటీ సెంటర్, అంటే విదేశీ కంపెనీ తన పనుల కోసం ఇక్కడ నడిపే సొంత ఆఫీసు, పెట్టినప్పుడు వరుస ఎలా ఉంటుందో చూడండి. 2024 నాస్కామ్-జిన్నోవ్ నివేదిక దేశంలో ఇలాంటి సెంటర్లు 1,700కు పైగా ఉన్నాయంది, అన్ని నగరాలకంటే ఎక్కువ ఇక్కడే. మొదట సెంటర్ హెడ్, ఆయన్ని సెర్చ్ సంస్థ తెస్తుంది. ఆయన కింద నలుగురైదుగురు డైరెక్టర్లు, వాళ్ళలోనూ ఎక్కువమంది సెర్చ్ ద్వారానే. ఆ డైరెక్టర్లు తమకు తెలిసిన లీడ్లను, మేనేజర్లను పిలుచుకుంటారు. ఆ తర్వాతే టీఏ టీమ్ ఏర్పడుతుంది, రిఫరల్స్ మొదలవుతాయి, ఇంకా నిండకపోతే కన్సల్టెన్సీలకు ఇస్తారు. అంటే మీకు ట్రాకర్ అమ్మాయి నుంచి ఫోన్ వచ్చేసరికి ఆ సెంటర్‌లో మంచి సీట్లు సగం నిండిపోయి ఉంటాయి. హెడ్‌హంటర్ మీకు ఉద్యోగం ఇప్పించడు గానీ, ఫలానా డైరెక్టర్ ఫలానా చోట చేరబోతున్నాడన్న సంగతి అందరికంటే ముందు ఆయనకే తెలుస్తుంది. ఆయన ఫోన్ ఎత్తి, తెలిసింది నిజాయితీగా చెప్పి, ఆ పోస్టుకు సరిపోయే ఒకరిద్దరి పేర్లు వాళ్ళని అడిగి మరీ ఇచ్చినవాళ్ళని ఆయన మర్చిపోడు. నాకు తెలిసి మంచి హెడ్‌హంటర్లు ఇలాంటి మనుషుల్ని ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటారు.

ఇంకో సంగతి, ఆఫ్ లిమిట్స్. సెర్చ్ సంస్థ ఒక కంపెనీకి పనిచేస్తే, ఆ కంపెనీ నుంచి ఏడాదో రెండేళ్ళో మనుషుల్ని బయటికి లాగకూడదని ఒప్పందం ఉంటుంది. మీ కంపెనీ ఆ సంస్థకి క్లయింట్ అయిపోతే మీరెంత గొప్పవారైనా వాళ్ళు ఫోన్ చేయరు. మౌనానికి ఇదీ ఒక కారణం కావచ్చు, దాన్ని మీతో చెప్పే స్వేచ్ఛ ఆయనకు ఉండదు.

ఇక్కడ జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. లింక్డ్‌ఇన్‌లో హెడ్‌హంటర్ అని రాసుకోవడానికి లైసెన్స్ ఏమీ అక్కర్లేదు. 8.33 మీద పరిగెత్తేవాళ్ళు కూడా అదే రాసుకుంటారు. పేరు చూసి మోసపోకుండా ఒకటి రెండు విషయాలు అడగండి. ఈ మ్యాండేట్, అంటే క్లయింట్ అప్పగించిన ఈ వెతుకులాట, మీ ఒక్కరి దగ్గరే ఉందా? ఈ పోస్టు ఎవరికి రిపోర్ట్ చేస్తుంది, ఆ మనిషిని మీరు కలిశారా? ఇది కొత్తగా సృష్టించిందా, ఎవరైనా వెళ్ళిపోతే ఖాళీ అయిందా? నిజంగా క్లయింట్‌తో కూర్చున్నవాడు తడుముకోకుండా చెప్తాడు, కంపెనీ పేరు దాచుకుంటూనే. "జేడీ పంపిస్తాను చూడండి" అని తప్పించుకుంటే అది ట్రాకర్ కాల్ అన్నమాట. తప్పేమీ లేదు, కానీ అప్పుడు ట్రాకర్ కాల్ నియమాలే పాటించండి: క్లయింట్ పేరు, రెండు లైన్ల మెయిల్.

ఈ మూడింటితో కలిసిపోయి తికమక పెట్టేది నాలుగోది, కాంట్రాక్ట్ స్టాఫింగ్. పెద్ద కంపెనీ పేరు చెప్తారు, ఇంటర్వ్యూ అక్కడే, పని అక్కడే, ఆఫర్ లెటర్ మాత్రం ఇంకో పేరు మీద వస్తుంది. టీమ్‌లీజ్, క్వెస్ లాంటి పెద్ద స్టాఫింగ్ కంపెనీల ప్రధాన కార్యాలయాలు బెంగళూరులోనే ఉన్నాయి. ఇది చట్టబద్ధమైన, పెద్ద వ్యాపారం. చిన్న వయసులో మంచి క్లయింట్ దగ్గర పని నేర్చుకోవడానికి చెడ్డదేం కాదు. పదకొండేళ్ళ లీడ్‌కి మాత్రం నేను సలహా ఇవ్వను. ఆఫర్ లెటర్ మీద ఎవరి పేరు, పీఎఫ్ ఎవరు కడతారు, ఫారం 16 ఎవరిస్తారు అని మొదటి ఫోన్‌లోనే అడిగేయండి.

జీతం ఎవరికి ఎంత చెప్పాలంటారా? ఇప్పటి జీతం ఎవరి దగ్గరా పెంచి చెప్పకండి. చివర్లో పేస్లిప్పులు, ఫారం 16 అడుగుతారు, మీ పీఎఫ్ నంబర్ యూఏఎన్‌తో మీరు ఎక్కడెక్కడ, ఎన్నాళ్ళు చేశారో బయటపడుతుంది. కన్సల్టెన్సీకి ఫిక్స్‌డ్ ఎంత, వేరియబుల్ ఎంత అని విడివిడిగా చెప్పండి, కలిపి చెప్తే వాళ్ళు పెద్ద అంకె రాసుకుని తర్వాత గొడవవుతుంది. అడిగే జీతం ఒక అంకె కాకుండా ఒక మాటగా చెప్పడం మేలు: "బ్యాండ్ ఎంతో చెప్పండి, అందులో పడితే మాట్లాడదాం." బ్యాండ్ వాళ్ళకు తెలుసు, మనిషి ఖరీదు తగ్గించడం వాళ్ళకేమీ లాభం కాదు. మీ జీతం పెరిగితే వాళ్ళ ఫీజూ పెరుగుతుంది. కానీ 28 లక్షల వద్ద ఖాయంగా చేరే మనిషిని, 31 లక్షలు అడిగి పోగొట్టుకునే సాహసం కూడా చేయరు, ఆ మూడు లక్షల తేడాలో వాళ్ళకు దక్కేది పాతికవేలే కదా. అందుకే బేరం మీరే మాట్లాడాలి, కుదిరితే నేరుగా టీఏతో. హెడ్‌హంటర్‌తో మాత్రం దాపరికం వద్దు. బోనస్ ఏ నెలలో వస్తుంది, ఇంకా వెస్ట్ కాని, అంటే మీ చేతికి రాని, కంపెనీ షేర్లు ఎన్ని ఉన్నాయి, పిల్లల స్కూల్ సంగతేంటి, ఇంట్లో ఒప్పుకుంటారా అన్నీ ముందే చెప్పండి. పోగొట్టుకునే షేర్లకు పరిహారం ఇప్పించేది ఆయనే, చివరి నిమిషంలో తెలిస్తే ఆయన క్లయింట్ ముందు తలదించుకోవాలి.

ప్రొఫైల్స్ విషయం. రెండు చోట్లా ఒకే రాత పనికిరాదు. నౌక్రీలో టెక్నాలజీ పేర్లు అన్నీ ఉండాలి, అప్పుడప్పుడూ అప్‌డేట్ చేస్తుండాలి, అక్కడ వెతికేది కీవర్డ్‌తో. మీ ప్రస్తుత కంపెనీకి కనబడకుండా బ్లాక్ చేసే సెట్టింగ్ ఉంది, వాడండి. లింక్డ్‌ఇన్‌లో టూల్స్ జాబితా ఎవరూ చదవరు. ఎంత పెద్ద సిస్టమ్, ఎంతమంది టీమ్, మీరొచ్చాక ఏం మారింది, ఈ మూడూ నాలుగు వాక్యాల్లో రాయండి. ఉద్యోగం చూస్తున్నానని తెలిపే ఓపెన్ టు వర్క్ సెట్టింగ్‌ని రిక్రూటర్లకు మాత్రమే కనబడేలా పెట్టుకోవచ్చు, కానీ మీ కంపెనీ వాళ్ళకి తెలియదన్న గ్యారంటీ లింక్డ్‌ఇన్ కూడా ఇవ్వదు. సీనియర్ స్థాయికి ఎదగాలనుకుంటే అందరికీ కనబడే ఓపెన్ టు వర్క్ ఆకుపచ్చ బ్యానర్ లేకపోవడమే నయం. తప్పో ఒప్పో గానీ, హెడ్‌హంటర్లలో చాలామంది వెతుక్కుంటున్నవాళ్ళని ఒక మెట్టు తక్కువగా చూస్తారు.

డబ్బులడిగేవాళ్ళ గురించి మీరు అడగలేదు, అయినా ఇది చదివే జూనియర్ల కోసం. పైన చెప్పినవాళ్ళెవరూ అభ్యర్థి దగ్గర పైసా తీసుకోరు. రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ కట్టండి ఆఫర్ ఇస్తాం, బ్యాక్ డోర్ అంటే ఫోన్ పెట్టేయండి. ఇప్పటికే కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ అది. ఒక్క మినహాయింపు విదేశీ ఉద్యోగాలు. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరైన ఏజెంట్ గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ తీసుకోవచ్చు. ఏజెంట్ పేరు ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూసుకోవాలి. ఇలాంటి రిజిస్ట్రేషన్ లేని ఏజెంట్లను నమ్మి డేటా ఎంట్రీ పని అనుకుని కంబోడియా వెళ్ళిన మన కుర్రాళ్ళు అక్కడ సైబర్ మోసాల కేంద్రాల్లో ఇరుక్కుపోయిన సంగతి 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు.

ఇక మీ కేసు. ఈ వారం చేయాల్సింది ఇది. మూడు కన్సల్టెన్సీల్లో మొదట పంపినవాళ్ళెవరో మీ మెయిల్స్ చూసి తేల్చుకోండి. మీరు నోటితో ఒప్పుకున్నది ఎవరికైతే, వాళ్ళకి ఒక మెయిల్ పెట్టి "ఈ పోస్టుకు మీ ద్వారానే వెళ్తున్నాను" అని రాయండి. మిగతా ఇద్దరికీ విడివిడిగా "ఇప్పటికే వేరొకరి ద్వారా వెళ్ళాను, దయచేసి నా ప్రొఫైల్ వెనక్కి తీసుకోండి" అని రాయండి. ఈ మూడు మెయిల్స్ ఒకే రోజు వెళ్ళాలి. తర్వాత లింక్డ్‌ఇన్‌లో ఆ కంపెనీ టీఏ వాళ్ళలో ఒకరిని పట్టుకుని, గొడవ గురించి ఫిర్యాదు చేయకుండా, ఫలానా వెండర్ ద్వారా వచ్చిన ప్రొఫైలే నాకు సమ్మతమైనదని రెండు ముక్కల్లో చెప్పండి. టీఏలో ఉన్నప్పుడు అలాంటి మెసేజ్ వస్తే నాకు ప్రాణం లేచి వచ్చేది, తగువు తీర్చే పని తప్పేది కాబట్టి.

ముప్పావుగంట పెద్దమనిషికి ఇంకో మెసేజ్ పెట్టవచ్చు, కానీ "నా అప్లికేషన్ ఏమైంది" అని కాదు, అప్లికేషన్ అంటూ అక్కడ ఏదీ లేదు. మీరు చేస్తున్న పనిలో ఏడాది తర్వాత ఎలాంటి బాధ్యత చూస్తున్నారో ఒక వాక్యం, ఆయన వెతుకుతున్న పోస్టుకు ఎవరైనా గుర్తొస్తే వాళ్ళని అడిగి పేరు చెప్తానని ఇంకో వాక్యం. అంతే. జవాబు రాకపోతే మళ్ళీ రాయకండి. ఆరు నెలల తర్వాత మీ హోదా మారినా, టీమ్ పెరిగినా అప్పుడు ఒక లైన్ పంపండి.